పీత కాలి ముక్కతో మొదలుపెట్టండి: గోదావరి డెల్టాలో డీఎన్ఏ పని

గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే మా వైపు చేపల బజార్లో ఒకటే గొడవ. ఇది గోదారి పులసేనా, ఐసు పెట్టెల్లో ఒడిశా నుంచి దిగిన చేపా? "పుస్తెలమ్మైనా పులస తినాలి" అనే ఊళ్లో ఇది చిన్న ప్రశ్న కాదు. ఒక వానాకాలం మా డిగ్రీ కుర్రాడొకడు చిన్న సీసాలో చేప రెక్క ముక్క వేసుకొచ్చి, "సార్, డీఎన్ఏ టెస్టు చేయిస్తే తేలిపోతుంది కదా" అన్నాడు.

తేలదు. సముద్రంలో ఉన్నప్పుడు విలస, నదిలోకి ఎదురెక్కితే పులస. రెండూ ఒకే జాతి, టెన్యులోసా ఇలీషా. బెంగాలీల ఇలిష్ కూడా అదే. ఆ ముక్కలోని డీఎన్ఏ అది ఏ జాతి చేపో చెబుతుంది గానీ, పోయిన వారం ఏ నీళ్లలో ఈదిందో చెప్పదు. ఈదులాడిన నీళ్ల జాడ దాని చెవి లోపల పొరలు పొరలుగా పెరిగే చెవిరాయిలో ఉంటుంది. ఉప్పునీళ్లలో పెరిగిన పొరలో స్ట్రాన్షియం ఎక్కువ, మంచినీళ్లలో పెరిగిన పొరలో బేరియం ఎక్కువ. అంటే ఆ కుర్రాడి ప్రశ్న మంచిదే, పట్టుకొచ్చిన ముక్కే తప్పు.

ఈ మార్గదర్శి డిగ్రీ, పీజీ విద్యార్థులకూ వాళ్ల మాస్టార్లకూ. ఉదాహరణగా పులసను వదిలేసి, మడ కాలువల్లో ఉండే మండపీతను తీసుకుంటున్నాను. ఎందుకంటే దాని విషయంలో డీఎన్ఏ నిజంగా పనికొస్తుంది. పైగా శాంపిల్ కోసం దాన్ని చంపక్కర్లేదు.

ముందు ప్రశ్నను కాగితం మీద పెట్టండి

"కోరంగి మడ అడవి జన్యు వైవిధ్యం" అని నోట్‌బుక్ మీద రాసుకుంటే అది ప్రశ్న కాదు, బోర్డు. ప్రశ్న ఇలా ఉండాలి: చెరువుల సాగు కోసం కాలువల్లో ఏరి అమ్ముతున్న పీత పిల్లల్లో ఏ జాతి ఎంత పాలు?

దీని వెనక కొంచెం కథ ఉంది. మండపీతల్లో మన తీరాన ముఖ్యంగా రెండు జాతులు. పెద్దగా పెరిగే ఆకుపచ్చ రకం సిల్లా సెర్రాటా. చిన్నది, ఎర్రగోధుమ రంగుది సిల్లా ఒలివేసియా. పెద్ద పీతల్ని చూసి చెప్పొచ్చు. సెర్రాటాకు డెక్క (పట్టుకునే పెద్ద కాలు) మణికట్టు దగ్గర బయటివైపు రెండు పదునైన ముళ్లుంటాయి, కాళ్లన్నిటి మీదా వలకన్నుల్లాంటి మచ్చలుంటాయి. ఒలివేసియాకు ఆ ముళ్లు మొద్దుబారి ఉంటాయి, లేదా ఒకటే మిగులుతుంది, మచ్చలుండవు. కానీ బొటనవేలి గోరంత పిల్లల్లో ఈ గుర్తులు అంత తేటగా కనబడవు. సీడు కొనే రైతు ఏ జాతిని చెరువులో వదులుతున్నాడో తెలియకుండానే వదులుతాడు. నెలలు గడిచాక కొన్ని అరకిలో దాటి పెరుగుతాయి, కొన్ని పెరగవు. "మేత సరిపోలేదు" అనుకుంటాడు.

ప్రశ్నను బట్టి డీఎన్ఏలో ఎక్కడ చదవాలో మారుతుంది. ఇది ఏ జాతి అని అడిగితే మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువు చాలు. 2003లో పాల్ హెబర్ట్ బృందం జంతువులకు బార్‌కోడ్‌గా ప్రతిపాదించింది దీన్నే. ఎన్ని జంతువులున్నాయి, ఇది నిన్నటిదేనా వేరేదా అంటే ఒక్కో జంతువుకీ తేడాపడే మైక్రోశాటిలైట్లు (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న డీఎన్ఏ ముక్కలు), లేదా ఎస్‌ఎన్‌పీలు (ఒక్క అక్షరం తేడాలు) కావాలి. భైరవపాలెం దగ్గర గౌతమి మొగ (నది సముద్రంలో కలిసేచోటు), ఓడలరేవు దగ్గర వైనతేయ మొగ, అంతర్వేది దగ్గర వశిష్ఠ మొగ, ఈ మూడుచోట్ల పీతలూ ఒకే గుంపా అని అడిగితే ఒక్కో మొగ నుంచి కనీసం ఇరవైఅయిదు, ముప్పై పీతలుండాలి. ఆ చివరి ప్రశ్నకు జవాబు 'ఒకటే' అని వచ్చినా ఆశ్చర్యపోకండి. ఆడ మండపీత గుడ్లు పొదగడానికి సముద్రంలోకి పోతుంది. పిల్లలు సుమారు నెలరోజులు అలల మీద కొట్టుకుపోయి తర్వాతే మొగల్లోకి వస్తాయి. ఆ నెలలో ఏ మొగ పిల్ల ఏ మొగలో చేరిందో ఎవరు చూశారు?

మొక్కల మీద పనిచేసేవాళ్లకు ఒక మాట. మడ చెట్లకు సీఓఐ పనికిరాదు. మొక్కల్లో మైటోకాండ్రియా జన్యువులు చాలా నెమ్మదిగా మారతాయి కాబట్టి ఆర్‌బీసీఎల్, మాట్‌కే, ఐటీఎస్ అనే వేరే డీఎన్ఏ భాగాలు వాడతారు. తమిళనాడు పిచ్చావరంలో కనబడిన రైజోఫోరా అనే మడ చెట్ల సంకరం లాంటిది మీకు తగిలితే క్లోరోప్లాస్టు జన్యువు ఒక్కటీ చూసి నమ్మకండి. అది సాధారణంగా తల్లి వైపు నుంచే వస్తుంది. తండ్రి ఎవరో చెప్పాలంటే కేంద్రకంలోని జన్యువు చూడాలి.

అనుమతులు, మనుషులు

కోరంగి అభయారణ్యం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. ఆ హద్దు లోపల పీత కాదు కదా, రాలిన ఆకు తీయాలన్నా అటవీశాఖ రాతపూర్వక అనుమతి ఉండాలి. దరఖాస్తు కాలేజీ లెటర్‌హెడ్ మీద పెట్టండి, నెలల ముందే పెట్టండి. మొదటి ప్రాజెక్టయితే నా సలహా వేరు. హద్దు బయట పట్టే పీతలతోనే మొదలుపెట్టండి.

అప్పుడు మీకు కావలసింది వలవాళ్ల స్నేహం. మేం కొన్న మొదటి బుట్ట పీతల దగ్గర కత్తెర తీయగానే వాటిని పట్టిన వలాయన కంగారుపడ్డాడు. "ఆయ్, కాలు ముక్క తీసుకోండి మాస్టారూ, పర్లేదు. డెక్క మాత్రం ముట్టుకోకండి. డెక్క పోయిన పీతని ఎవరూ కొనరండి." ఆ మాట మా పద్ధతిలో మొదటి నియమమైంది. కాలు తెగిన పీతకు కూడా ధర కట్టి ఇవ్వడం రెండోది.

శాంపిల్ తీయడం: పనంతా ఇక్కడే

ల్యాబులో జరిగే తప్పును మళ్లీ చేసి సరిదిద్దుకోవచ్చు. కాలువ గట్టు మీద జరిగిన తప్పు సరికాదు. అందుకే ఈ భాగం కాస్త పొడుగు.

సామాను సిద్ధం చేసుకోండి: 2 మి.లీ. మరమూత ట్యూబులు, 95 శాతం దాటిన ఇథనాల్, రెండు పట్టకారులు, చిన్న కత్తెర, బ్లీచింగ్ ద్రావణం, మంచినీళ్లు, స్పిరిట్ దీపం, టిష్యూ కాగితం, పెన్సిల్, స్కేలు, ఫోను. ఇథనాల్‌ను కాలేజీ ద్వారానే తెప్పించాలి, దానికి ఎక్సైజ్ నిబంధనలుంటాయి. మ్యూజియం జాడీలున్న డిపార్ట్‌మెంట్లలో అలవాటుగా ఫార్మలిన్ అందిస్తారు. వద్దనండి. ఫార్మలిన్ డీఎన్ఏను ప్రోటీన్లతో ముడివేసేస్తుంది, తర్వాత విడదీయడం నరకం.

ఇథనాల్ దొరకని రోజున ముక్కను ఉప్పులో కూరి పెట్టినా పర్వాలేదు. ఉప్పుచేప ఎందుకు కుళ్లదో ఇదీ అందుకే నిలుస్తుంది. నీరు లాగేసుకుంటే డీఎన్ఏను కోసే ఎంజైములు పనిచేయవు. ఎండుచేపల నుంచి కూడా జాతిని తేల్చినవాళ్లున్నారు.

పీత డెక్కలు కట్టేశాక ముందు ఫొటోలు తీయండి. నంబరు చీటీ, స్కేలు పక్కనే పెట్టి డిప్ప పైనుంచి ఒకటి, కళ్ల మధ్య అంచు కనబడేలా ఒకటి, డెక్క మణికట్టు ముళ్లు కనబడేలా ఒకటి. తర్వాత డీఎన్ఏ ఫలితం ఈ ఫొటోలతో పొంతన కుదరకపోతే అసలు ఆట మొదలవుతుంది. ఫొటో లేకపోతే ఆట లేదు.

ఇప్పుడు కాలు. నడిచే కాళ్లలో ఒకదాని చివరి రెండు కణుపులు కత్తిరించండి. వెనకాల తెడ్డులా ఉండే ఈతకాళ్ల జోలికి పోవద్దు. కుబుసం విడిచినప్పుడు పోయిన కాలు మళ్లీ మొలుస్తుంది. పెంకు పగలగొట్టి లోపలి తెల్ల కండ వడ్లగింజంత తీసి ట్యూబులో వేయండి. పెంకు, రంగు ఎంత తక్కువ వెళితే పీసీఆర్ (కావలసిన డీఎన్ఏ ముక్కను లక్షల నకళ్లుగా పెంచే పని) అంత సాఫీగా సాగుతుంది. కండకు పది రెట్లు ఇథనాల్ ఉండాలి. మర్నాడు ఆ ఇథనాల్ పారబోసి కొత్తది పోయండి. కండలోని నీరు దిగి మొదటిది పలచబడిపోతుంది. ఈ ఒక్క పనిని దాదాపు ప్రతి కొత్త బృందమూ మర్చిపోతుంది.

ఒక పీతకూ మరో పీతకూ మధ్య కత్తెర, పట్టకారు టిష్యూతో తుడిచి, బ్లీచింగులో ముంచి, నీళ్లతో కడిగి, మంటకు చూపించాలి. ఇథనాల్ సీసా మంటకు రెండు బారల దూరంలో ఉండాలి, గాలి ఎటు వీస్తుందో చూసుకోవాలి.

ఇక లేబుల్. మొదటి ఏడాది మేం ట్యూబుల మీద మార్కర్ పెన్నుతో రాశాం. ఒక ట్యూబు మూత సరిగా బిగలేదు. యానాం దాటేసరికి ఇథనాల్ కారి పెట్టె అంతా తడిసింది. ఇంటికొచ్చి చూస్తే నలభై ట్యూబుల్లో పదకొండు నున్నగా, తెల్లగా ఉన్నాయి. సిరా ఇథనాల్‌లో కరుగుతుందని కెమిస్ట్రీ మాస్టారు నవ్వుతూ చెప్పారు. అప్పట్నుంచి ట్రేసింగ్ పేపర్ ముక్క మీద పెన్సిల్‌తో నంబరు రాసి ట్యూబు లోపలే వేస్తున్నాం. పైన మార్కర్‌తో అదే నంబరు. నోట్‌బుక్‌లో మూడోసారి: తేదీ, చోటు, జీపీఎస్, పోటా పాటా, వల కన్ను ఎంత, డిప్ప వెడల్పు, ఆడా మగా.

వల కన్ను ఎందుకంటారా? పెద్దకన్ను వల చిన్న పీతల్ని వదిలేస్తుంది. చిన్న జాతి ఒలివేసియా మీ లెక్కలో తక్కువగా కనబడుతుంది. ఇంకా మోసం చేసేది కొనుగోలు కేంద్రం. అక్కడ గ్రేడింగ్ అయిపోయిన గుట్టలోంచి తీస్తే మీరు లెక్కపెట్టేది కాలువను కాదు, మార్కెట్‌ను. గ్రేడింగ్‌కు ముందే, పడవ దగ్గరే, చేతికి దొరికినవి ఏరకుండా వరసగా తీసుకోండి. ఒకే రోజు ఒకే మనిషి దగ్గర ముప్పై తీసుకోవడం కన్నా, అమావాస్య, పున్నమి పోట్లకూ మధ్య రోజులకూ పంచి ఆరు విడతల్లో అయిదేసి తీసుకోవడం మేలు.

ల్యాబు పని త్వరగా

ఇది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది కాబట్టి మలుపుల దగ్గర మాత్రం ఆగుతాను. కండను ఎండబెట్టి, ప్రోటీన్లను కరిగించే ప్రోటీనేజ్-కే ఎంజైము వేసి 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా ఉంచండి. కిట్‌తోనో, ఫినాల్-క్లోరోఫాంతోనో డీఎన్ఏ తీయండి. కొత్తవాళ్లు కిట్ వాడటమే మంచిది. ఆపైన 1994 నుంచి వాడుకలో ఉన్న ఫోమర్ ప్రైమర్లతో (ఏ ముక్కను నకలు తీయాలో చూపే చిన్న డీఎన్ఏ తునకలు) సీఓఐ పీసీఆర్: 94 డిగ్రీలు, 48 నుంచి 50, ఆ తర్వాత 72, ముప్పైఅయిదు చుట్లు. జెల్ మీద 700 డీఎన్ఏ అక్షరాల పొడవు దగ్గర ఒకే గీత రావాలి.

ప్రతి పీసీఆర్‌లోనూ డీఎన్ఏ లేకుండా నీళ్లు వేసిన ఒక ట్యూబు ఉండాలి. దాంట్లో గీత వస్తే ఆ రోజు పని మొత్తం చెత్తబుట్టకే. మన పిల్లలు ఇక్కడే టెన్షన్ పడి, ఆ గీతను ఫొటోలో కత్తిరించే ఆలోచన చేస్తారు. చేయొద్దు.

గీత రాకపోతే ముందు డీఎన్ఏను పది రెట్లు పలచన చేసి మళ్లీ ప్రయత్నించండి. మడనేల బురదలోని టానిన్లు పీసీఆర్ ఎంజైమును అడ్డుకుంటాయి. పలచన చేస్తే డీఎన్ఏ తగ్గుతుంది గానీ అడ్డంకి అంతకన్నా తగ్గుతుంది. కాలేజీలో పీసీఆర్ మెషీన్ లేకపోతే దగ్గర్లోని యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడుకోండి. సీక్వెన్సింగ్‌ను, అంటే డీఎన్ఏ అక్షరాల్ని వరసగా చదివే పనిని, కంపెనీలకు పంపడమే ఇప్పుడు అందరూ చేసేది. రెండు వైపుల నుంచీ చదివించండి.

వచ్చిన అక్షరాల్ని నమ్మేముందు

ఫైలు తెరిస్తే నాలుగు రంగుల అలలు కనబడతాయి. మొదటి ముప్పై నలభై అక్షరాలు గజిబిజిగానే ఉంటాయి, కోసేయండి. మధ్యలో ఒకే చోట రెండు రంగులు ఒకే ఎత్తున లేస్తుంటే రెండు పీతల కండ కలిసిందేమో చూడండి. తర్వాత ఆ సీక్వెన్సును ప్రోటీన్‌గా తర్జుమా చేయించండి. నడుమ ఆగు సంకేతం (స్టాప్ కోడాన్) వస్తే మీరు చదివింది అసలు జన్యువు కాకపోవచ్చు. మైటోకాండ్రియా ముక్కలు ఒక్కోసారి కేంద్రకంలోకి చేరి పాడుబడి ఉంటాయి, పీతల్లో ఇది కొత్త కాదు.

అప్పుడు అందరూ సీక్వెన్సులు దాచే జీన్‌బ్యాంక్‌లో బ్లాస్ట్ చేయండి, అంటే మీదాన్ని అక్కడున్నవాటితో పోల్చి చూడండి. ఇక్కడ మండపీత ఒక ఉచ్చు పన్నింది. 1998లో కీనన్, ఆయన సహచరులు సిల్లా ప్రజాతిని నాలుగు జాతులుగా మళ్లీ నిర్వచించారు. మన దేశంలో అంతకుముందు, చాలాచోట్ల ఆ తర్వాత కూడా, పెద్ద ఆకుపచ్చ పీతను ట్రాంక్వెబారికా అనీ, చిన్న ఎర్రదాన్ని సెర్రాటా అనీ రాశారు. ఇప్పటి లెక్కలో పెద్దది సెర్రాటా, చిన్నది ఒలివేసియా. పాత పేరుతో పెట్టిన సీక్వెన్సు మీదికి మీ పీత వెళ్లి కూర్చుంటే, 99 శాతం పోలికతో సహా తప్పు పేరు చేతికొస్తుంది. అందుకే పైన కనబడిన మొదటి పేరు రాసుకుని లేచిపోకూడదు. మొదటి ఇరవై ఫలితాలూ, అవి ఏ దేశానివో, ఎవరు పెద్ద పీత ఫొటోలతో సహా గుర్తించారో చూడాలి. ఇంకా మంచి పని: ముళ్లు, మచ్చలు తేటగా ఉన్న పెద్ద పీతలు రెండు జాతులవీ అయిదేసి మీరే చదివించుకోండి. పిల్లల్ని వాటితో పోల్చండి. అప్పుడు జీన్‌బ్యాంకు సాక్షి మాత్రమే, జడ్జి మీరు.

పేర్ల నుంచి కాలువకు

జాతుల పేర్లు వచ్చాక జీవావరణ శాస్త్రం మొదలవుతుంది. ఒక కాలువ నుంచి తీసిన ముప్పై పిల్లల్లో ఒలివేసియా ఒక్కటీ దొరకలేదనుకోండి. "ఈ కాలువలో లేదు" అని రాయకూడదు. ముప్పైలో సున్నా అంటే, ఆ జాతి అక్కడ పదిశాతం దాకా ఉండి కూడా మీ చేతికి తగలకుండా పోయి ఉండొచ్చు. మూడును శాంపిళ్ల సంఖ్యతో భాగించండి, అదే ఆ పైహద్దు. వందలో సున్నా అయితే మూడు శాతం. ఈ చిన్న లెక్కతోనే ఎన్ని పీతలు కావాలో ముందే తేల్చుకోవచ్చు.

తర్వాత నోట్‌బుక్ తెరిచి ఉప్పదనం, నెల, మడ దట్టమా పలచనా అన్నవి పక్కన పెట్టుకుని చూడండి. వరదనీరు దిగే నెలల్లో మొగ దగ్గర ఉప్పు పడిపోతుంది, వేసవిలో సముద్రపు పోటు లోపలిదాకా తోసుకొస్తుంది. ఏ జాతి పిల్లలు ఏ నెలలో ఏ కాలువ ఎక్కుతున్నాయో అక్కడ కనబడవచ్చు. నోట్‌బుక్ లేనివాడి దగ్గర మిగిలేది ఏ, టీ, జీ, సీ అక్షరాలే.

నీళ్లలోంచి, మలంలోంచి

పీత పని చేతికొచ్చాక రెండు దారులున్నాయి.

మొదటిది నీళ్లు. జంతువులు వదిలే పొలుసులు, జిగురు, మలం వల్ల నీళ్లలో డీఎన్ఏ తేలుతుంటుంది. నీళ్లు వడగట్టి, చేపలన్నిటికీ పనికొచ్చే మైఫిష్ లాంటి ప్రైమర్లతో ఒక్క సీసాలోంచి చాలా చేపల పేర్లు తీయొచ్చు. కానీ డెల్టాలో ఇది చూసినంత తేలిక కాదు. మన నీళ్లు తేట కావు. లీటరు వడగడదామంటే 0.45 మైక్రాన్ల ఫిల్టరు పావు లీటరుకే మూసుకుపోతుంది. పెద్ద రంధ్రాలది వాడండి, లేదా నాలుగు ఫిల్టర్ల మీదికి పంచండి. సీసాలు ఐసులో పెట్టి అదే రోజు వడగట్టాలి. పోటు సముద్రం వైపు నుంచి, పాటు ఎగువ నుంచి డీఎన్ఏ మోసుకొస్తాయి కాబట్టి రెండు వేళల్లోనూ తీయాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మీరు ఎక్కిన పడవే. దాని అడుగున నిన్నటి చేపల నీళ్లుంటాయి, తాడుకు పొలుసులుంటాయి, పడవ నడిపే ఆయన చేతులకు కూడా. ముక్కు వైపు కూర్చుని, పడవ ముందుకు సాగుతుండగా, గ్లౌజు వేసిన చేత్తో ఎదురునీళ్లలో సీసా ముంచండి. సీల్ తీయని నీళ్ల బాటిల్ ఒకటి వెంట తీసుకెళ్లి, పడవలోనే తెరిచి దాన్నీ అలాగే వడగట్టండి. అందులో కూడా చేపల పేర్లు వస్తే అవి పడవలో ఉన్న చేపలవి. సంతకాలువ కలిసేచోటుకు దిగువన పులస డీఎన్ఏ దొరికితే, అది ఎవరి వంటింటి కడుగునీళ్లో ఆలోచించండి.

రెండోది మలం. కోరంగిలో బావురుపిల్లి, నీటికుక్క రెండూ ఉన్నాయి. రెండూ చేపలు తింటాయి, మలంలో పొలుసులు, పీత పెంకు ముక్కలు కనబడతాయి. కంటితో పొరబడటం తేలిక. బావురుపిల్లి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లోది, మలం ఏరడానికీ అటవీశాఖ అనుమతి కావాలి. తాజా మలం బయటి పొరను పుల్లతో గీకండి. జంతువు పేగు కణాలు ఆ పైపొర మీదే ఎక్కువ, లోపలంతా తిన్న చేపే. సిలికా జెల్‌తో ఎండబెట్టండి. డీఎన్ఏ ముక్కలై ఉంటుంది కాబట్టి సీఓఐ మొత్తం చదవాలని ఆశపడొద్దు, రెండు మూడు వందల అక్షరాల లోపు ప్రైమర్లు వాడండి. ఎన్ని పిల్లులున్నాయో లెక్కించే దశకు వెళ్తే ఒక్కో మైక్రోశాటిలైట్‌ను మూడు నాలుగుసార్లు చదివించాలి. మలంలోని కొద్దిపాటి డీఎన్ఏలో తల్లి వైపుదో తండ్రి వైపుదో ఒకటి చదవకుండా జారిపోతే, ఉన్న ఒక్క పిల్లే రెండు పిల్లులుగా లెక్కలోకి వస్తుంది. ఈ పనిలో సాయం కోసం చూడవలసింది హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్, అంటే అంతరించే జీవుల పరిరక్షణ ప్రయోగశాల.

ఇవన్నీ అయ్యాక సీక్వెన్సుల్ని తేదీ, చోటుతో సహా జీన్‌బ్యాంకులో పెట్టండి. మిగిలిన కండ ట్యూబుల్ని ఫ్రీజర్‌లో ఒక పెట్టెలో సర్ది, పెట్టెలో ఏముందో రాసిన కాగితాన్ని మూత లోపలివైపు అంటించండి. మా ఫ్రీజర్‌లో నున్నటి ట్యూబులు పదకొండూ ఇంకా అలాగే ఉన్నాయి. ఏ పీతలవో ఇప్పటికీ తెలియదు గానీ, కొత్త బ్యాచ్ రాగానే మొదట చూపించేది వాటినే.